మరబోటు డీజిల్: బంకు నుంచి నాజిల్ దాకా

కొల్లాపూర్ దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల రేవులో ఇంజిన్ పడవ నడపబట్టి నాకు ఇరవై రెండేళ్లు. ఇన్నేళ్లలో నడి నీళ్లలో ఇంజిన్ ఆగిపోయిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఒక్కటి తప్ప అన్నీ డీజిల్‌లో నీళ్లు చేరో, మడ్డి పట్టో వచ్చినవే. ఇంజిన్ ఆయిల్ మార్చాలని అందరికీ గుర్తుంటుంది. డీజిల్ సంగతి మాత్రం పోసేసి మర్చిపోతాం. కొత్తగా పడవ కొన్న తమ్ముళ్లు అడుగుతున్నారు కాబట్టి నేను చేసే పద్ధతి రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఒక కార్తీకమాసంలో సిద్ధేశ్వరం వైపు నుంచి పద్నాలుగు మందితో తిరిగి వస్తున్నాం. పొద్దు గూకే వేళ. ఇంజిన్ రెండుసార్లు దగ్గినట్టయి ఆగిపోయింది. గాలి పడవను గుట్టల వైపు నెడుతోంది, లోపల చిన్నపిల్లలు. మా బావమరిది తెడ్డు అందుకున్నాడు. నేను ఫిల్టరు కింది స్క్రూ వదులు చేస్తే అరగ్లాసు నీళ్లు కారాయి. ముందురోజు రాత్రి డీజిల్ క్యాను మూత సరిగ్గా బిగించకుండా ఒడ్డున వదిలేశాను, వాన పడింది. కారణం అంతే. మళ్లీ ఇంజిన్ అందుకునేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ పిల్లల తల్లుల ముఖాలు నాకిప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి.

మాకు డీజిల్ అంటే కొల్లాపూర్ వెళ్లి క్యాన్లలో తెచ్చుకోవడమే. రోజూ లారీలు ఆగే, అమ్మకం బాగా ఉన్న బంకులోనే కొనండి. అక్కడ సరుకు నిలవ ఉండదు. ట్యాంకర్ దించుతుంటే మాత్రం ఆగండి. భూమిలోని ట్యాంకు అడుగున ఉన్న మడ్డి, నీళ్లు అప్పుడు కలిసి పైకి లేస్తాయి. కొలత మీద అనుమానం వస్తే 5 లీటర్ల ముద్ర కొలతతో కొలిచి చూపించమని అడగొచ్చు. సాంద్రత చూపించమని కూడా అడగొచ్చు. అది మన హక్కు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలే వస్తోంది, అంటే పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం డీజిల్. గంధకం 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50 భాగాలు) నుంచి 10కి తగ్గింది. పాత ఇంజిన్లకు ఇది పడదని, కాస్త కిరసనాయిలు కలిపితే మంచిదని చెప్పేవాళ్లు మా రేవులోనూ ఉన్నారు. వినకండి. గంధకం తీసేటప్పుడు తగ్గే జారుడు గుణాన్ని రిఫైనరీలోనే మందు కలిపి సరిచేస్తారు. ఫ్యూయల్ పంపుకు, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్‌కు వేరే ఆయిల్ ఉండదు, డీజిలే వాటికి నూనె. కిరసనాయిలు పలచన కాబట్టి కలిపిన కొద్దీ పంపు అరుగుతుంది. లీటరుకు ఇరవై రూపాయలు తక్కువని డ్రమ్ముల్లో వచ్చే సరుకు జోలికి కూడా పోవద్దు. నేనొకసారి కొన్నాను, నెల తిరక్కుండా నాజిల్ మార్చాల్సి వచ్చింది.

తెచ్చే క్యాను మందపాటి ప్లాస్టిక్‌ది, డీజిల్ కోసం తయారైనది అయి ఉండాలి. తాగునీళ్ల క్యాన్లు పనికిరావు. జింకు పూత పూసిన రేకు డబ్బాలు అసలే వద్దు, జింకు డీజిల్‌లో కరిగి సబ్బులాంటి జిగురు కడుతుంది, అది పోయి ఫిల్టరులో కూర్చుంటుంది. ఇంధనం పైపులకు రాగి కూడా మంచిది కాదు, డీజిల్ త్వరగా పాడవుతుంది. క్యాన్లు ఎండలో పెట్టకండి. మెడ దాకా నింపకండి. 100 లీటర్ల డీజిల్ 10 డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు పైనే ఉబ్బుతుంది, పాలమూరు ఎండల్లో ఆ మాత్రం చోటు వదలాల్సిందే.

ఇంటికి తెచ్చాక నా పరీక్ష ఒక్కటే. పచ్చడి పెట్టుకునే గాజుసీసా కడిగి, బాగా ఆరబెట్టి, క్యాను అడుగు నుంచి అర లీటరు తీసి దాంట్లో పోస్తాను. సీసా వెనక దినపత్రిక పెడితే అక్షరాలు తేటగా కనపడాలి. మసకగా ఉంటే నీళ్లు కలిసినట్టే. రాత్రంతా కదపకుండా ఉంచితే నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగి గీత కడతాయి. ఆ గీత దగ్గర నల్లగా, నాచులాగా తేలుతుంటే ఇంకా జాగ్రత్తపడాలి. డీజిల్‌కూ నీళ్లకూ మధ్య బతికే సూక్ష్మజీవులు అవి. డీజిల్‌ను తిని జిగురు వదులుతాయి, ట్యాంకు ఇనుమును కూడా తినేస్తాయి. నీళ్లు లేకపోతే వాటికి బతుకు లేదు. అందుకే నా తాపత్రయమంతా నీళ్ల గురించే.

మూత బిగించినా నీళ్లు ఎట్లా వస్తాయని అడుగుతారు. పగలు ట్యాంకు వేడెక్కితే లోపలి గాలి బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే నది మీది తేమ గాలి లోపలికి వస్తుంది, ఖాళీ గోడల మీద చెమటలా పట్టి డీజిల్ కిందికి జారుతుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఇది ఎక్కువ. సాయంత్రం పడవ కట్టేసేటప్పుడే నింపండి, పైన ఇరవయ్యో వంతు చోటు వదలండి.

పోసేటప్పుడు ఇంజిన్ ఆపాలి, జనం ఒడ్డున ఉండాలి, బీడీ ఎవరి చేతిలోనూ ఉండకూడదు. గరాటుకు సన్నని జాలి ఉండాలి. క్యాను అడుగున చివరి రెండు లీటర్లు ట్యాంకులో పోయకండి, సీసాలో తేర్చి మర్నాడు చూడండి.

ఇక రోజూ పొద్దున చేసేది. స్టార్ట్ చేయకముందే, రాత్రంతా కదలకుండా ఉన్న డీజిల్‌లో నీళ్లు అడుక్కి చేరి ఉంటాయి. ట్యాంకు అడుగున ఉండే కాక్ (చిన్న కుళాయి), నీళ్లు పట్టే ఫిల్టరు గిన్నె స్క్రూ కొద్దిగా తిప్పి ఒక సీసాలోకి పట్టండి. తేట డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించండి. రెండు నిమిషాల పని. పట్టింది కృష్ణలో పారబోయకండి. ఈ నీటినే ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతలకు తోడుతున్నారు. నేను దాన్ని డబ్బాలో దాచి కొల్లాపూర్ మెకానిక్‌కు పాత ఆయిల్‌తో పాటు ఇచ్చేస్తాను.

ఫిల్టరు మార్చడం కష్టం కాదు. రబ్బరు రింగుకు కాస్త డీజిల్ రాసి చేత్తోనే బిగించాలి, పానా పెడితే రింగు నలిగి గాలి పీలుస్తుంది. తర్వాత ఎయిర్ తీయాలి, అంటే డీజిల్ దారిలో చేరిన గాలిని బయటికి పంపాలి. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడుతుంటే నురగ వస్తుంది, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చినప్పుడు, పంపు ఆపకుండానే స్క్రూ బిగించాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ దగ్గరి నట్టు అరచుట్టు వదిలి హ్యాండిల్ తిప్పండి. చేతులు, ముఖం ఆ నట్టుకు దూరంగా ఉంచండి, అక్కడ డీజిల్ చర్మంలోకి దూరేంత ఒత్తిడితో వస్తుంది. ఒక కొత్త ఫిల్టరు, ఆ పానాలు, ఒక పాత గుడ్డ ఎప్పుడూ పడవలోనే ఉండాలి.

ట్యాంకు అడుగున జిగురు పట్టిందంటే మందు పోసి ఊరుకోకండి. సూక్ష్మజీవులను చంపే మందులు దొరుకుతాయి, కానీ చచ్చిన జిగురు కూడా ఫిల్టరులోకే వస్తుంది. ముందు డీజిల్ తీసేసి, ట్యాంకు దింపి, తుడిచి, ఆరబెట్టాలి. ఆ తర్వాతే డబ్బా మీద రాసిన కొలతలో మందు. ట్యాంకుకు చిల్లి పడితే ఖాళీదే కదా అని వెల్డింగ్ పెట్టించకండి. లోపల ఆవిరి మిగిలి ఉంటుంది, పేలుతుంది. పూర్తిగా కడిగి, ఆవిరి లేదని తేల్చుకుని పనిచేసేవాళ్ల దగ్గరికే తీసుకుపోండి.

మాఘం దాటాక శ్రీశైలం వెనక జలాలు తగ్గుతాయి, సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, మా పడవలు ఒడ్డెక్కుతాయి. మన వేడికి డీజిల్ ఆరు నెలలకు మించి నిలవ పెట్టడం మంచిది కాదు. అందుకే పడవను ఒడ్డెక్కించేముందు మిగిలింది మా పొలం మోటారు ఇంజిన్‌లో కాల్చేస్తాను, ట్యాంకును పొడిగా తుడిచి, మూత బిగించి, నీడన పెడతాను. వరద వచ్చాక కొత్త డీజిల్, కొత్త ఫిల్టరు. మొదటి రోజు పడవను రేవుకే కట్టి అరగంట ఇంజిన్ నడుపుతాను, ఆపి గిన్నె విప్పి చూస్తాను. చుక్క నీరు లేదంటేనే జనాన్ని ఎక్కించుకుంటాను.