ఎండలు ముదరకముందే పర్షియన్ పిల్లి బొచ్చు సంగతి చూడండి

ఎండలు పెరిగేకొద్దీ పర్షియన్ పిల్లికి లోపలి మెత్తటి నూగు విపరీతంగా రాలుతుంది. రాలినదంతా కింద పడదు. పైబొచ్చులో ఇరుక్కుని చిక్కుపడి, చివరికి చర్మానికి అంటుకున్న గట్టి ఉండలవుతుంది. వాటి కింద గాలి ఆడదు, తడి ఆరదు, చర్మం పుండు పడుతుంది. అడుగు వేసినప్పుడల్లా చర్మం లాగి నొప్పి పుడుతుంది. పాపం, అది చెప్పుకోలేదు.

అందుకే రోజూ దువ్వండి, పది నిమిషాలు చాలు. ముందు పళ్లు ఎడంగా ఉన్న స్టీలు దువ్వెన, తర్వాత దగ్గర పళ్లది. చాలామంది వీపు దువ్వి ఊరుకుంటారు. ఉండలు కట్టేది మాత్రం చంకల్లో, చెవుల వెనక, పొట్ట కింద. ఉండ కనబడితే కత్తెర జోలికి పోవద్దు. పిల్లి చర్మం పల్చన, ఉండతో పాటే పైకి లేస్తుంది, తెగేది చర్మమే. వేళ్లతో మెల్లగా విడదీయండి, రాకపోతే వెట్‌కో (పశువుల డాక్టరు), అనుభవమున్న గ్రూమర్‌కో (బొచ్చు దువ్వి కత్తిరించేవాళ్లు) వదిలేయండి. స్నానం చేయించేది చిక్కులు తీశాకే, తడిస్తే అవి ఇంకా బిగుస్తాయి.

వేడి కదా అని గుండు చేయించొద్దు. చర్మానికి ఎండ సోకకుండా అడ్డుపడేది ఆ బొచ్చే. ఉండలు బాగా ముదిరాయని వెట్ చెబితే తప్ప ట్రిమ్మర్ అక్కర్లేదు.

నా అసలు భయం బొచ్చు కన్నా ముఖం గురించి. ముక్కు చప్పిడి, లోపలి దారి ఇరుకు, కాబట్టి వగర్చి ఒళ్లు చల్లబరచుకోవడం దీనికి కష్టం. ఎండ పూట గాలాడే చల్లటి గది, రెండు మూడు చోట్ల నీళ్లు ఉండాలి. మూసిన కారులో ఒక్క నిమిషం కూడా వదలొద్దు. నోరు తెరిచి ఆయాసపడుతున్నా, చొంగ కారుతున్నా, తూలుతున్నా వడదెబ్బే అనుకోండి. మామూలుగా ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, 40 దాటితే ప్రమాదం. చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాన్ పెట్టి, వెంటనే వెట్ దగ్గరికి బయల్దేరండి. ఐసు మాత్రం వద్దు.

ఈ కాలంలో మింగే బొచ్చూ ఎక్కువే. అప్పుడప్పుడూ బొచ్చు ఉండ కక్కితే టెన్షన్ పడక్కర్లేదు. ఏమీ రాకుండా పదేపదే వాంతికి ప్రయత్నిస్తూ తిండి మానేస్తే పేగుల్లో అడ్డుపడి ఉండొచ్చు, ఆ రోజే చూపించండి.

పేల మందు విషయంలో ఇంకా జాగ్రత్త. కుక్కల మందుల్లో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది. పిల్లులకని రాసి ఉన్నదే, దాని బరువుకు సరిపడేదే వాడండి.