పత్తి పైసలు చేతికొచ్చే నెలల్లో టోకెన్ ప్రీసేల్‌తో పైలం

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే నెలలు, ఆ వెనుకే మిర్చి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉత్తర తెలంగాణ ఇళ్లలో నాలుగు పైసలు ఆడతాయి. లాగోడి అప్పులు తీరగా మిగిలినవి ఎక్కడ పెట్టాలా అని ఆలోచించేదీ అప్పుడే. "అన్నా, ఇప్పుడు 60 పైసలే, లిస్టింగ్ నాడు రూపాయి" అని దగ్గరి మనిషి ఫోన్ చేస్తే వినాలనిపిస్తుంది. వినండి. ఆ మనిషి చెప్పేది ప్రీసేల్ గురించి: కొత్త క్రిప్టో టోకెన్‌ను లిస్టింగ్‌కు ముందే, అంటే ఎక్స్ఛేంజ్‌లో (క్రిప్టో కొని అమ్మే మార్కెట్‌లో) బేరాలు మొదలవకముందే అమ్మడం. కానీ 60 పైసలు చవకో కాదో ఆ అంకెలో కనబడదు. మీకంటే ముందు ఎవరు ఎంతకు కొన్నారు, వాళ్ల టోకెన్లు ఏ రోజు అమ్మకానికి విడుదలవుతాయి అన్న రెండు సంగతులు చూస్తేనే తెలుస్తుంది.

కొత్త క్రిప్టో ప్రాజెక్టు పైసలు పోగుచేసే మెట్లు దాదాపు అన్నిచోట్లా ఒకటే. మొదట సీడ్ రౌండ్: కోడ్ ఇంకా పూర్తి కాకముందే ఒకరిద్దరు పెద్ద పెట్టుబడిదారులు అతి తక్కువ ధరకు కొంటారు. తర్వాత ప్రైవేట్ రౌండ్, ధర కొంత ఎక్కువ. ఈ రెండు మెట్లలో కొనేవాళ్లకు సాధారణంగా 'సాఫ్ట్' లాంటి రాతకోతల ఒప్పందం ఉంటుంది: టోకెన్ పుట్టినప్పుడు ఇన్ని ఇస్తామని సంతకంతో రాసిస్తారు. మూడోది ప్రీసేల్, ఆ తర్వాత పబ్లిక్ సేల్. కంపెనీ తన సైట్‌లోనే అమ్మితే ఐసీఓ, ఎక్స్ఛేంజ్ అమ్మిపెడితే ఐఈఓ, వికేంద్రీకృత వేదిక (నడిపే కంపెనీ లేకుండా కోడ్‌తోనే నడిచేది) మీద అమ్మితే ఐడీఓ అంటారు. చివరికి టోకెన్ పుట్టే రోజు, దాన్ని టీజీఈ అంటారు. అదే రోజో, కొద్దిరోజులకో లిస్టింగ్. ప్రీసేల్‌లో చిన్న మొత్తం పెట్టేవాళ్ల చేతిలో ఉండేది చాలాసార్లు సైట్ షరతుల పేజీ ఒక్కటే. అందులో 'పైసలు వాపసు ఇవ్వబడవు' అన్న మాట ఎక్కడుందో ముందు వెతకండి.

లెక్క కాగితం మీద వేయండి

వైట్‌పేపర్‌లో (ప్రాజెక్టు తన సంగతులు రాసుకున్న పత్రంలో) టోకెనామిక్స్ పట్టిక, అంటే ఎవరికి ఎన్ని టోకెన్లు, ఎంతకు, ఎప్పుడు అన్న లెక్క తీయండి. ఉదాహరణకు మొత్తం 100 కోట్ల టోకెన్లు అనుకుందాం. సీడ్ వాళ్లకు 10 కోట్లు, ఒక్కోటి 10 పైసలకు. ప్రైవేట్ వాళ్లకు 15 కోట్లు, 25 పైసలకు. ప్రీసేల్‌కు 5 కోట్లు, 60 పైసలకు. మిగతా 70 కోట్లు టీం, ప్రచారం, బహుమతులు, నిల్వ. లిస్టింగ్ ధర రూపాయి.

ఇప్పుడు విడుదల గడువులు చూడండి. సీడ్ వాళ్లకు టీజీఈ నాడు 10 శాతం విడుదల అని ఉంటే చదివేవాళ్లకు 'పదే కదా' అనిపిస్తుంది. కానీ వాళ్లు పెట్టింది కోటి రూపాయలు. ఆ 10 శాతం అంటే కోటి టోకెన్లు. రూపాయి ధర నిలబడితే మొదటిరోజే వాళ్ల అసలు మొత్తం చేతికొస్తుంది, మిగతా 9 కోట్ల టోకెన్లు వాళ్లకు ఉత్తపుణ్యం. మీరు లక్ష పెట్టారనుకోండి, 1,66,666 టోకెన్లు వస్తాయి. మీకు టీజీఈ నాడు 20 శాతం విడుదలైతే 33,333 టోకెన్లు. అంటే రూపాయికి అమ్మినా లక్షలో మూడో వంతే. మిగతా దానికోసం నెలనెలా ఎదురుచూడాలి. ఈలోగా ధర 30 పైసలకు పడినా సీడ్ వాళ్లకు మూడింతలు, ప్రైవేట్ వాళ్లకూ లాభమే. మీకు సగం పోయినట్టే. అందుకే మీ శాతం ఎంత అని చూసి ఊరుకోకుండా, ఒక్కో మెట్టు వాళ్లు ఎంత శాతం అమ్మితే అసలు వెనక్కి వస్తుందో రాసుకోండి. ఈ పట్టికలో సీడ్‌కు 10, ప్రైవేట్‌కు 25, ప్రీసేల్‌కు 60. పట్టికే ఇవ్వని ప్రాజెక్టు అయితే అక్కడితో ఆగండి.

'క్లిఫ్ 6 నెలలు, తర్వాత 12 నెలల వెస్టింగ్' అంటే మొదటి ఆరు నెలలు ఒక్క టోకెన్ కూడా కదలదు, తర్వాత ఏడాదిపాటు నెలకింత విడుదలవుతుంది. టీంకు క్లిఫ్ లేకుండా మీకు మాత్రం క్లిఫ్ ఉందంటే ఇంకేం చూడనక్కర్లేదు. మిత్తికి తెచ్చి పెట్టేవాళ్లు ఇంకో లెక్క కూడా వేయాలి: నూటికి రెండు రూపాయల మిత్తి అయితే లక్షకు ఏడాదికి 24,000. టోకెన్ తాళంలో ఉన్నా మిత్తి ఆగదు.

దీనికంటే ఎక్కువమంది దెబ్బతినేది లిక్విడిటీ దగ్గర, అంటే మీరు అమ్మితే ఇవ్వడానికి అవతల ఎన్ని పైసలున్నాయి అన్నచోట. వికేంద్రీకృత ఎక్స్ఛేంజ్‌లో ధరను నిర్ణయించేది ఒక కుండ. అందులో ఒకవైపు టోకెన్లు, మరోవైపు యూఎస్‌డీటీ (ఒక్కోటి డాలరు విలువ ఉండేలా నడిపే క్రిప్టో) పోస్తారు. రెండింటి హెచ్చవేత మారకుండా ఉండాలన్నది సాధారణ సూత్రం. 50 లక్షల టోకెన్లు, 50 లక్షల రూపాయల విలువైన యూఎస్‌డీటీ పోస్తే ధర రూపాయి. ఎవరో ఒకరు 50 లక్షల టోకెన్లు తెచ్చి అందులో అమ్మితే? టోకెన్లు కోటి అవుతాయి, హెచ్చవేత నిలవాలంటే రూపాయల వైపు 25 లక్షలకు తగ్గాలి. అమ్మినవాళ్లకు 25 లక్షలు ముడతాయి, ధర 25 పైసలకు పడుతుంది. పై ఉదాహరణలో సీడ్ వాళ్లకు మొదటిరోజు విడుదలైన దానిలో సగం చాలు ఈ పనికి. అప్పటికి మీ 33,333 టోకెన్ల విలువ 8,333 రూపాయలు, అదీ మీకంటే ముందు ఇంకెవరూ అమ్మకపోతే. '100 కోట్ల కంపెనీ' అని స్టేజీ మీద చెప్పేది 100 కోట్ల టోకెన్లను రూపాయితో హెచ్చవేసిన అంకె. కుండలో ఉన్నది మాత్రం 50 లక్షలు.

పెద్ద క్రిప్టో నెట్‌వర్క్ ఎథీరియం (దాని నాణెం ఈథర్) కూడా ఇలాగే మొదలైందని ఏజెంట్లు చెబుతుంటారు. 2014 జులై, సెప్టెంబరు మధ్య 42 రోజులపాటు ఆ అమ్మకం జరిగిన మాట నిజమే. మొదటి 14 రోజులు ఒక బిట్‌కాయిన్‌కు 2,000 ఈథర్, తర్వాత తగ్గుతూ చివరికి 1,337. ఆ రేట్ల పట్టిక ముందే అందరికీ తెలుసు. కొన్నవాళ్లు నెట్‌వర్క్ మొదలయ్యే 2015 జులై 30 దాకా ఆగారు. అక్కడ ఇంకొకరిని చేర్పిస్తే కమీషన్ అన్నది లేదు.

పంపేముందు ఎక్స్‌ప్లోరర్‌లో

టోకెన్ కాంట్రాక్ట్ (టోకెన్‌ను నడిపే ప్రోగ్రాం) అడ్రస్ అడగండి. ఎక్స్‌ప్లోరర్ అంటే ఆ నెట్‌వర్క్ మీది లావాదేవీలన్నీ ఎవరైనా చూడగలిగే సైట్. ఎథీరియం అయితే ఈథర్‌స్కాన్, బీఎన్‌బీ చైన్ అయితే బీఎస్‌సీస్కాన్‌లో దాన్ని తెరవండి. సోర్స్ కోడ్ వెరిఫై అయి (అందరూ చదివేలా బయటపెట్టి) ఉండాలి. 'మింట్' (కొత్త టోకెన్లు పుట్టించే) పని యజమాని చేతిలో ఉంటే 100 కోట్లు రేపు 1,000 కోట్లు కావచ్చు. 'బ్లాక్‌లిస్ట్', 'పాజ్', అమ్మకం మీద మార్చుకోదగిన పన్ను ఉంటే కొనడం సాగుతూనే అమ్మడం ఆగిపోవచ్చు. 2021 అక్టోబరు చివర 'స్క్విడ్' టోకెన్‌లో అదే అయింది: ధర పైకి పోతూనే ఉంది, కొన్నవాళ్లు అమ్మలేకపోయారు, నవంబరు 1న ధర సున్నా దగ్గరికి కూలింది. హోల్డర్స్ ట్యాబ్‌లో మొదటి పది అడ్రస్‌ల దగ్గర ఎంత ఉందో, అవి తాళం వేసిన కాంట్రాక్ట్‌లో, ఎప్పుడైనా అమ్మగల మామూలు వాలెట్లో చూడండి. లిక్విడిటీకి తాళం వేశాం, కుండలోని పైసలు మేం తీసుకోలేం అంటే ఏ తేదీ దాకా అని అడగండి. 30 రోజుల తాళం తాళం కిందికి రాదు.

సైట్ మీద పరుగెత్తే '82 శాతం అమ్ముడైంది' గీత, గంటల గడియారం రెండూ బొమ్మలే కావచ్చు. ప్రీసేల్ కాంట్రాక్ట్‌లోకి నిజంగా ఎంత వచ్చిందో ఎక్స్‌ప్లోరర్‌లో కూడుకోవచ్చు. ఆడిట్ రిపోర్ట్ చూపిస్తే దానిలోని అడ్రస్, మీకిచ్చిన అడ్రస్ ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చండి. అయినా ఆడిట్ చేసినవాళ్లు చూసేది కోడ్‌లో తప్పులను. టీం పారిపోతుందా లేదా అన్నది వాళ్ల పని కాదు.

పంపేటప్పుడు జరిగే పొరపాట్లు ఇంకో రకం. ఎక్స్ఛేంజ్ అకౌంట్ నుంచి నేరుగా ప్రీసేల్ అడ్రస్‌కు పంపకండి. పంపిన అడ్రస్ ఎక్స్ఛేంజ్‌ది కాబట్టి టోకెన్లు దానికే జమవుతాయి, మీకు చేరవు. ముందు మీ సొంత వాలెట్‌కు తెచ్చుకోవాలి. యూఎస్‌డీటీ ట్రాన్ మీదా, ఎథీరియం మీదా, బీఎన్‌బీ చైన్ మీదా వేరువేరు. ఒకదాని మీది ఇంకోదాని అడ్రస్‌కు పంపితే చిక్కుకుపోవచ్చు. ప్రీసేల్ కోసం కొత్త వాలెట్ తెరిచి పెట్టదలచిన మొత్తం, గ్యాస్‌కు (నెట్‌వర్క్ ఫీజుకు) కొంత మాత్రమే అందులో ఉంచండి. మీ వాలెట్‌లోంచి తీసుకోవడానికి సైట్‌కు అనుమతి ఇచ్చే 'అప్రూవ్' నొక్కేటప్పుడు మొత్తం దగ్గర 'అన్‌లిమిటెడ్' ఉంటే చెరిపి మీ అంకె వేయండి, పని అయ్యాక అనుమతిని రద్దు చేయండి. మీ వాలెట్‌కు తాళంచెవి లాంటి 12 లేదా 24 పదాల సీడ్ ఫ్రేజ్ అడిగే సైట్ ఏదైనా, ఫోన్ చేసి అడిగే సార్ ఎవరైనా, దొంగతనానికే. 'నువ్వు ఫోన్ ఇయ్యి కాకా, నేను చేసిపెడతా' అనే మేనల్లుడికి కూడా ఆ పదాలు చూపొద్దు.

కమీషన్ ఉంటే అది వేరే కథ

ఇద్దరిని చేర్పిస్తే ఇంత, పది మందికి గోవా, యాభై మందికి దుబాయ్ ట్రిప్, రోజుకు ఒక శాతం గ్యారంటీ అన్నారంటే అది నిధుల సేకరణ కిందికి రాదు, గొలుసుకట్టు అవుతుంది. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం, 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం ఇలాంటివాటి కోసమే ఉన్నాయి. చేర్పించినవాళ్ల మీద కూడా కేసు పడుతుంది, చుట్టరికం ఆదుకోదు. బిట్‌కనెక్ట్ అనే క్రిప్టో స్కీం 2018 జనవరిలో మూతపడింది ఈ దారిలోనే. ఓరుగల్లులో చిట్టీ అంటే తెలియని ఇల్లుండదు కాబట్టి దానితో పోల్చుకోండి: రిజిస్టర్డ్ చిట్టీ నడిపేవాళ్లు 1982 చట్టం కింద కనీసం చిట్టీ విలువకు సమానమైన పూచీ రిజిస్ట్రార్ పేరు మీద పెట్టాలి. ప్రీసేల్‌లో అలాంటి రిజిస్ట్రార్ ఎవరూ లేరు.

పన్ను సంగతి క్లుప్తంగా: 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, దానిపై సెస్, అదే ఏడాది జులై 1 నుంచి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో తీసేయడం కుదరదు. యూఎస్‌డీటీ ఇచ్చి టోకెన్ కొంటే, ఆ యూఎస్‌డీటీని అమ్మినట్టే లెక్క. క్రిప్టో అమ్మి రూపాయలు చేసుకోవడానికి పీ2పీలో (మనిషికి మనిషి నేరుగా అమ్ముకునే చోట) తెలియని మనిషితో బేరం కుదుర్చుకుంటే అసలు గండం బ్యాంకులో ఉంటుంది: ఆ అవతలి మనిషి పైసలు మోసం తాలూకువి అయితే మీ అకౌంట్‌ను, పత్తి పైసలు పడే అదే అకౌంట్‌ను, ఏ రాష్ట్రం పోలీసులైనా ఫ్రీజ్ చేయించగలరు. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర రిజిస్టర్ అయిన ఎక్స్ఛేంజ్‌లోనే, వేరే అకౌంట్‌తో చేయండి.

తేడా వస్తే మీటింగ్ పెట్టినవాళ్ల కోసం ఎదురుచూడకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లేదా బ్యాంకు ద్వారా ఏజెంటుకు పోయిన రూపాయలను గంటల్లో చెబితే ఆపే అవకాశం ఉంటుంది. వాలెట్ నుంచి పోయిన క్రిప్టోను ఆపడం బ్యాంకు చేతిలో లేదు. యూటీఆర్ నంబరు (బ్యాంకు లావాదేవీ నంబరు), లావాదేవీ హ్యాష్ (క్రిప్టో లావాదేవీ నంబరు), కాంట్రాక్ట్ అడ్రస్, ఏజెంటు చాట్ స్క్రీన్‌షాట్లు ఒకచోట పెట్టుకోండి. ఏజెంటు చేర్చిన చాట్ గ్రూప్ నుంచి బయటికి వచ్చే ముందే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి, అవతలివాళ్లు 'అందరికీ డిలీట్' నొక్కితే మళ్లీ దొరకవు. ఆ తర్వాత వారం పది రోజుల్లో 'పోయిన పైసలు ఇప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి' అని ఫోన్లు మొదలవుతాయి. మీ నంబరు అమ్మింది చాలాసార్లు మొదటి ముఠాయే.