క్లయింటు వీలునామా పనికి ముందు జాగ్రత్తలు

• ఆస్తి ఎవరిదో ముందు తేల్చండి. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, అప్పులు చూపే ధ్రువపత్రం) చూడనిదే ముందుకు వెళ్లవద్దు. హిందూ ఉమ్మడి ఆస్తిలో క్లయింటు తన వాటా వరకే రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది.

• నామినీ పేర్లు ఒక్కొక్కటీ సరిచూడండి. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. పెళ్లికి ముందు డిపాజిట్‌కు తమ్ముణ్ణి నామినీగా పెట్టి, ఆ తర్వాత మార్చనివారు ఎందరో! బ్యాంకు సొమ్ము నామినీ చేతికి వస్తుంది గానీ, హక్కు వీలునామా ప్రకారమే. అది లేకపోతే వారసులది. బీమా దారి వేరు: బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సాధారణంగా సొమ్ము వారిదే. దయచేసి ఇది ఇంట్లోవారి ఎదుటే విడమరిచి చెప్పండి.

• సాక్షులు ఇద్దరు తప్పనిసరి. ఆస్తి పొందేవారు వద్దు.

• క్లయింటు వృద్ధులైతే, సంతకం చేసే రోజే మతి స్థిమితంగా ఉందని డాక్టర్ సర్టిఫికెట్ తీసుకోండి.

• రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి.

• ముసాయిదా న్యాయవాదికే అప్పగించండి.