గాలం పాఠాలు – 4: బెండు అడ్డం పడుకుంటే

ఈసారి ఎరల పాఠం రావాల్సింది. కానీ ఉగాది సెలవులకు దోస్తులతోటి, పిల్లలతోటి చెరువు కట్ట మీదికి పోయినవాళ్లు ఎక్కువమంది ఒక్కటే మాట చెప్తున్నరు: బెండు (గాలం దారానికి కట్టి నీళ్ల మీద తేలించే ముక్క) నిలబడతలేదు, నీళ్ల మీద అడ్డం పడుకుంటున్నది. పోయిన పాఠంలో దారానికి బరువుగా కట్టే సీసం సంగతి చెప్పి, లోతు సంగతి ఒక్క మాటతో దాటేసిన. అది తప్పే. అందుకే ఎరలు పక్కన పెట్టి ముందుగాల ఇది సరిచేద్దాం.

తప్పు సీసంలో ఉన్నదా, లోతులో ఉన్నదా అనేది ఇంట్లోనే తెలుస్తది. బకెట్ నిండా నీళ్లు పట్టండి. సీసం బకెట్ అడుగుకు తాకకుండా బెండును కిందికి జరిపి వదలండి. అడ్డం పడితే సీసం చాలలేదు. జొన్న గింజంత సీసం ముక్కలు ఒక్కొక్కటే పెంచుకుంటూ పోండి. బెండు నిటారుగా నిలబడి గోరంత మాత్రమే పైకి కనపడాలె. నాకు జొన్న దంటు బెండే ఇష్టం, చిన్న పరక చేప తాకినా వణుకుతది. కాకపోతే నీళ్లు పీల్చి బరువెక్కుతది, కాబట్టి కొవ్వొత్తి మైనం పూయండి. హవాయి చెప్పు ముక్కకు ఆ బాధ లేదు గానీ దానికి సీసం ఎక్కువ కావాలె. సీసం, కొక్కెం మధ్య జానెడు ఎడం ఉంచండి.

బకెట్‌లో నిలబడ్డ బెండు చెరువులో పడుకున్నదంటే సీసాన్ని ముట్టుకోవద్దు. సీసం అడుగున కూర్చున్నదన్నట్టు. బెండుకూ సీసానికీ మధ్య ఉన్న తంగూసు (గాలం నైలాన్ దారం) ఆ చోటి లోతు కంటే ఎక్కువున్నది. చాలామంది ఇక్కడ ఇంకో సీసం కడుతున్నరు. దానితో ఏమీ కాదు, బరువు నేల మీదనే ఉంటది గదా!

లోతు కొలిచే పద్ధతి ఇది. పది పన్నెండు గ్రాముల ఇనుప నట్టును దారంతో కొక్కేనికి కట్టండి. సరిగ్గా మీరు గాలం వేసే చోటనే, తంగూసు ఏటవాలుగా పోకుండా నిలువుగా దించండి. బెండు మునిగిపోతే లోతు ఎక్కువున్నది, బెండును పైకి జరపండి. పడుకుంటే కిందికి జరపండి. కొన మాత్రమే కనపడ్డప్పుడు ఆగి, తంగూసు మీద అక్కడ ఎర్ర దారం ముడి వేయండి. అదే ఆ చోటి లోతు. ఒండ్రు మెత్తగా ఉంటే నట్టు దిగబడుతది, రెండు మూడు వేళ్లు తగ్గించి లెక్కపెట్టండి.

ఇప్పుడు నట్టు తీసేయండి. రవ్వ చేపలకైతే ఎర నడిమి నీళ్లలో వేలాడాలె, సగం లోతు దగ్గర మొదలుపెట్టండి. బొచ్చె చేపలు ఇంకా పైన తింటయి. మృగాల, బంగారు తీగ చేపలకు ఎర నేలను తాకీ తాకనట్టు ఉండాలె.

పోయిన ఆదివారం కొలిచిన లోతు ఈ ఆదివారానికి పనికిరాదు. ఈ ఒక్క మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. యాసంగి పొలాలకు తూము తెరిచి ఉన్నన్నాళ్లు నీళ్లు రోజూ దిగుతయి. పైనుంచి ఎండ. బెత్తెడు దిగినా నేలకు తగిలే ఎర ఒండ్రులో కూరుకపోతది, చేపకు కనపడదు. పొద్దంతా కూర్చున్నా ఒక్కటి తాకలేదంటే ఎరను తిట్టకముందు నట్టు దించి చూడండి.

ఇంకో సంగతి. నిటారుగా నిలబడ్డ బెండు ఉన్నట్టుండి పైకి లేచి పడుకున్నదంటే, అది తప్పు కాదు, చేప! బంగారు తీగ అడుగునున్న ఎరను నోట పట్టి తల పైకెత్తుతది, సీసం బరువు లేచి బెండు ఒరుగుతది. అప్పుడు మణికట్టుతోటి ఒక్క గుంజు గుంజండి.

పిల్లలు వెంట ఉంటే లోతు కొలవడం చేపల కోసమే కాదు. 2015 నుంచి మిషన్ కాకతీయలో చాలా చెరువుల పూడిక తీసిండ్రు. మట్టి తీసిన చోట ఒక అడుగు మోకాలి లోతు, పక్క అడుగు నిలువు లోతు ఉండొచ్చు. నీళ్లు దిగినకొద్దీ పిల్లలు శిఖం (చెరువు లోపలి నేల) వైపు లోపలికి పోతరు. వాళ్లను నీళ్లలోకి దించొద్దు, ఐదడుగుల గాలం కట్టె ఇచ్చి ఒడ్డు మీదనే కూర్చోబెట్టండి. పారుతున్న తూము దగ్గరికి పెద్దలూ పోవద్దు.

చేపల మీద హక్కు ఊరి మత్స్య సహకార సంఘానిది, అడిగినాకనే గాలం వేయండి. వరంగల్ దిక్కు పాకాల చెరువు అభయారణ్యంలో ఉన్నది, అక్కడికి గాలం తీసుకపోవద్దు.

సాధన: పొద్దున ఆరు గంటలకల్లా కట్ట మీద ఉండండి. ఎర వద్దు, నట్టు ఒక్కటే. తూముకు ఇరవై అడుగులు ఇవతల నుంచి మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) దిక్కు ఐదైదు అడుగులకొకటి, పన్నెండు చోట్ల లోతు కొలిచి నోట్‌బుక్‌లో గీయండి. గుర్తుకు ప్రతి చోటా కట్ట మీద రాయి పెట్టండి. ఏడు రోజులకు అవే రాళ్ల దగ్గర మళ్లీ కొలిచి, తేడా పక్కన రాయండి. ఎరల పాఠానికి ఆ రెండు కొలతలూ కావాలె.