కడుపులో ఒకరు, చంకలో ఒకరు: నీరసానికి కారణం పట్టుకోవడం ఎలా?

ఇంట్లో చిన్నపిల్లలుండగా మళ్ళీ గర్భం వచ్చిన తల్లి నీరసంగా ఉందంటే, "పిల్లలతో అంతే మరి" అని తేల్చేస్తారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఆమె కూడా అలాగే సరిపెట్టుకుంటుంది. ఆ మాట చాటునే రక్తం తక్కువైన సంగతి, థైరాయిడ్ సంగతి నెలల తరబడి దాగిపోతాయి. లేచీ లేవగానే ఉండే నీరసం వేరు, మధ్యాహ్నం మూడింటికి ముంచుకొచ్చేది వేరు, నాలుగు మెట్లెక్కితే వచ్చేది వేరు. ఎప్పుడు వస్తోంది, దేనితో తగ్గుతోంది అన్నది తెలిస్తే కారణం చాలావరకు దొరికినట్టే.

అందుకని ముందు మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది (మీ ఒంటివల్ల ఎన్ని, పిల్లలవల్ల ఎన్ని), ఎన్నింటికి ఏం తిన్నారు, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు, ఏ గంటకు ఓపిక పూర్తిగా అయిపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్ళండి. "నీరసంగా ఉందండీ" అన్న ఒక్క మాటకన్నా అది ఎంతో పనికొస్తుంది.

ఇవి ఉంటే కింద చదవడం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి

కూర్చున్నా తగ్గని ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, రక్తస్రావం, ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం, చూపు మసకబారుతూ తీవ్రమైన తలనొప్పి, 140/90 లేదా అంతకన్నా ఎక్కువ బీపీ, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, కడుపులో బిడ్డ కదలికలు ఎప్పటికన్నా తగ్గడం. వీటిని అలసట ఖాతాలో వేయకూడదు.

లేవగానే వికారం, తల ఎత్తబుద్ధి కాదు (మొదటి మూడు నెలలు)

కారణం: ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఒక్కసారిగా పెరిగి మగతగా ఉంచుతుంది. వేవిళ్ళు సాధారణంగా ఆరో వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదో వారానికి ఎక్కువై, 14–16 వారాలకు తగ్గుముఖం పడతాయి. రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపుతో లేచి నేరుగా పిల్లల పనిలో పడితే వికారం రెట్టింపవుతుంది.

ఏం చేయాలి: పొడిగా, ఉప్పగా ఉండేది ఏదైనా మంచం పక్కనే పెట్టుకోండి. లేవకముందే రెండు మూడు ముక్కలు తిని, 15–20 నిమిషాలాగి నెమ్మదిగా లేవండి. ఆ తర్వాత ప్రతి రెండు మూడు గంటలకు కొంచెం కొంచెం తినండి. నీళ్ళు తిండితో కలిపి కాకుండా మధ్యమధ్య గుక్కలుగా తాగండి. పిల్లలకు పొద్దున పెట్టేది వాసన తక్కువగా, చల్లగా తినగలిగేదిగా రాత్రే సిద్ధం చేసిపెడితే, మీరు లేవడానికి ఆ 20 నిమిషాలు దొరుకుతాయి. ఐరన్ మాత్రతో వికారం ఎక్కువవుతుంటే దాన్ని రాత్రికి మార్చవచ్చా, కొన్ని వారాలు ఆపవచ్చా అని డాక్టరును అడగండి. ఫోలిక్ యాసిడ్ (రోజుకు 400 మైక్రోగ్రాములు) మాత్రం ఆపకండి. విటమిన్ బి6 వేవిళ్ళకు బాగా పనిచేస్తుంది, మోతాదు డాక్టరు చెప్పినంతే.

24 గంటలుగా నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో కొద్దికొద్దిగా వస్తున్నా, గర్భానికి ముందున్న బరువులో 5 శాతం తగ్గినా (60 కిలోలుంటే 3 కిలోలు) ఇంట్లో ఓర్చుకోవద్దు. సెలైన్, మందులు కావాలి.

మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ, పాలిపోయిన మొహం

పిల్లల తల్లుల్లో ఎక్కువగా చూసేదీ, ఎక్కువగా వదిలేసేదీ ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం.

గర్భంలో రక్తం పరిమాణం 40–50 శాతం పెరుగుతుంది. అందులో నీటి భాగం పెరిగినంతగా ఎర్రకణాలు పెరగవు, అందుకే హిమోగ్లోబిన్ కొంత తగ్గడం సహజమే. మొత్తం గర్భానికి దాదాపు 1000 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. కాన్పుకూ మళ్ళీ గర్భానికీ మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే, మొదటి బిడ్డకు ఖర్చయిన నిల్వ నిండకముందే రెండో బిడ్డకు ఖర్చు మొదలవుతుంది.

పరీక్ష: హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తక్కువైతే (మధ్య మూడు నెలల్లో 10.5కు) రక్తహీనత కింద లెక్క. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వలు అడుగంటి ఉండవచ్చు, అది ఫెరిటిన్ పరీక్షలో బయటపడుతుంది. 30కి తక్కువుంటే ఇనుము లోటుగానే చూస్తారు. ఐసు ముక్కలు, సుద్ద, మట్టి తినాలనిపించడం కూడా ఈ లోటుకు గుర్తు. చాలామంది సిగ్గుపడి చెప్పరు, దయచేసి చెప్పండి.

మాత్ర వేసుకుంటున్నా రక్తం పెరగలేదంటే తప్పు తరచు మాత్రలో కాదు, వేసుకునే తీరులో ఉంటుంది:

- టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ముందూ వెనకా రెండు గంటల దూరం ఉంచండి. ఇనుము పొద్దున, కాల్షియం రాత్రి అని విడదీస్తే గుర్తుంటుంది.
- ఖాళీ కడుపుతో, నిమ్మరసం పిండిన నీళ్ళతో వేసుకుంటే బాగా పడుతుంది. విటమిన్ సి చేసే సాయమది.
- థైరాయిడ్ మాత్ర వాడుతుంటే దానికీ ఇనుముకూ మధ్య నాలుగు గంటలు ఉండాలి.
- కడుపులో తిప్పితే మానేయకండి. రోజు విడిచి రోజు వేసుకోవచ్చా, రకం మార్చవచ్చా అని అడగండి.
- మలం నల్లగా రావడం మామూలే, భయం లేదు. మలబద్ధకానికి నీళ్ళు, పండ్లు, ఆకుకూరలు పెంచండి, చాలకపోతే మందు అడగండి.

సరిగా పట్టితే మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే బి12, ఇతర కారణాలు చూస్తారు. మాంసం, గుడ్లు, పాలు పెద్దగా తినని వాళ్ళకు బి12 లోటు ఉండే అవకాశం ఎక్కువ. మొదటి మూడు నెలలు దాటాక, మాత్రలు పనిచేయకపోతే సెలైన్ ద్వారా ఇనుము ఎక్కించే మార్గం ఉంది. రక్తం సరైన అంకెకు వచ్చిందని మాత్రలు ఆపేయడం ఇంకో పొరపాటు. నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు కావాలి.

ఒక హెచ్చరిక: ఐరన్ మాత్రలు చిన్నపిల్లలకు విషం. మిఠాయి అనుకుని కొన్ని మింగినా ప్రాణం మీదికి వస్తుంది. మంచం పక్కన, హ్యాండ్‌బ్యాగులో, వంటగట్టు మీద వద్దు. తాళం వేసే చోట, ఎత్తులో పెట్టండి. పిల్లలు మింగారేమో అన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారిగా కుప్పకూలడం, చేతులు వణకడం, చిరాకు

మీ కాగితంలో పొద్దున గడి చూడండి. టీ, రెండు బిస్కెట్లు, పిల్లలు వదిలేసిన రెండు ముద్దలు ఉంటే కారణం అక్కడే ఉంది. పిండిపదార్థంతో చక్కెర గబుక్కున పెరిగి, అంతే వేగంగా పడిపోయింది.

పిల్లల కంచంలో మిగిలింది మీ భోజనం కాదు. ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. చిన్నపిల్లల లాలాజలంలో, మూత్రంలో సైటోమెగలో వైరస్ ఉండవచ్చు. పిల్లలకు ఏమీ కాదుగానీ, గర్భంలో తల్లికి సోకితే కడుపులో బిడ్డకు వినికిడి లోపం వంటివి రావచ్చు. వాళ్ళ ఎంగిలి తినొద్దు, చెంచా, గ్లాసు పంచుకోవద్దు, డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ముద్దు పెదాల మీద కాకుండా నుదుటి మీద పెట్టండి.

పూటకు 15–20 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యంగా పెట్టుకోండి. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలల్లో 7, గుప్పెడు (30 గ్రాముల) వేరుశనగల్లో 7, కప్పు ఉడికిన శనగల్లో 15 దాకా ఉంటాయి. పిల్లలకు చిరుతిండి పెట్టే సమయాన్నే మీ చిరుతిండి సమయం చేసుకోండి, వేరే కంచంలో, కూర్చుని. "ఇద్దరికి తినాలి" అన్న లెక్క ఏమీ లేదు: మొదటి మూడు నెలలు అదనంగా ఏమీ అక్కర్లేదు, తర్వాత రోజుకు సుమారు 340 కేలరీలు, చివరి మూడు నెలల్లో 450. అంటే ఒక మంచి చిరుతిండి, ఒక గ్లాసు పాలు.

నీళ్ళు, పాలు, ఇతర ద్రవాలు అన్నీ కలిపి రోజుకు రెండుంపావు లీటర్లకు తగ్గకూడదు. మీకో సీసా పెట్టుకుని మధ్యాహ్నానికి ఒకసారి, సాయంత్రానికి ఒకసారి ఖాళీ చేయండి.

మూడో కప్పు కాఫీతో నెట్టుకురావాలనిపిస్తుంది. రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ హద్దు: పెద్ద కప్పు కాఫీలో సుమారు 100, టీలో 40–50 ఉంటుంది. చివరి నెలల్లో కెఫీన్ ఒంట్లోంచి పోవడానికి మామూలుకన్నా రెండు మూడు రెట్ల సమయం పడుతుంది, కాబట్టి సాయంత్రం తాగింది రాత్రి నిద్రను తినేస్తుంది.

బాగా తింటున్నా ఈ నీరసం తగ్గక, విపరీతమైన దాహం కూడా ఉంటే చక్కెర పరీక్ష 24–28 వారాల దాకా ఆగకుండా ముందే చేయించుకోండి.

పడుకున్నా నిద్ర లేదు

ఎవరు లేపుతున్నారో ముందు చూడండి.

మూత్రం లేపుతుంటే, పగలంతా తాగి పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. మంట ఉంటే మూత్ర పరీక్ష చేయించాలి. గుండెల్లో మంట లేపుతుంటే, రాత్రి తిండి పడకకు రెండు మూడు గంటల ముందే ముగించి, మంచానికి తలవైపున్న కాళ్ళ కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేయండి. దిండ్లు పేరిస్తే మెడ వంగుతుందే తప్ప మంట తగ్గదు. సాయంత్రమైతే కాళ్ళు కుదురుగా ఉండవు, కదిలిస్తేనే హాయి అంటే మళ్ళీ ఫెరిటిన్ చూడాలి. ఇనుము లోటుకూ దీనికీ దగ్గర సంబంధం ఉంది. 28 వారాల తర్వాత పక్కకు తిరిగి నిద్రపోండి, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒకటి. వెల్లకిలా పడుకుంటే గర్భాశయం పెద్ద సిరను నొక్కి కళ్ళు తిరుగుతాయి. మెలకువ వచ్చినప్పుడు వెల్లకిలా ఉంటే కంగారు పడకుండా పక్కకు తిరగండి, అంతే.

పిల్లలే లేపుతుంటే విడివిడిగా రెండేసి గంటల నిద్ర కూడినా లాభం లేదు, ఏకబిగిన నాలుగైదు గంటలు కావాలి. రాత్రిని రెండు వాటాలు చేయండి: తొమ్మిది నుంచి రెండు దాకా ఇంట్లో ఇంకొకరు, తర్వాత మీరు. మీ వాటా కానప్పుడు వేరే గదిలో పడుకోండి. పక్కనే ఉంటే బిడ్డ మిమ్మల్నే అడుగుతుంది, మీరే లేస్తారు. ఈ మార్పు కాన్పు దగ్గర పడ్డాక కాదు, రెండు నెలల ముందే మొదలుపెడితే పిల్లలకు అలవాటవుతుంది. పగటి నిద్ర 20–30 నిమిషాలు చాలు, అదీ మధ్యాహ్నం మూడింటి లోపే.

సాయంత్రానికి నడుము, కటి నొప్పితో ఓపిక హరించుకుపోవడం

కీళ్ళ బంధనాలు వదులవుతాయి, బరువు ముందుకు జరుగుతుంది, అదే సమయంలో పన్నెండు పదమూడు కిలోల బిడ్డను రోజుకు ఇరవైసార్లు ఎత్తుతుంటారు. ఎత్తడం మానలేకపోయినా సగానికి తగ్గించవచ్చు. మీరు కూర్చోండి, బిడ్డనే ఒళ్ళోకి ఎక్కమనండి. బట్టలు మార్చడం మంచం మీద కాక నేలమీద చాప వేసి చేయండి. స్నానానికి, చేతులు కడగడానికి చిన్న పీట వేస్తే తానే ఎక్కుతుంది. తప్పనప్పుడు మోకాళ్ళు వంచి, బిడ్డను ఛాతీకి దగ్గరగా హత్తుకుని, ఊపిరి వదులుతూ లేవండి. చంకలో ఒకే పక్క ఎత్తుకోవడం కటి నొప్పిని బాగా పెంచుతుంది. మంచం మీద దొర్లినా, ఒంటికాలి మీద నిలబడి బట్టలు వేసుకున్నా కటి ఎముక దగ్గర నొప్పి పొడుచుకొస్తే ఫిజియోథెరపిస్టును చూడండి. ఓర్చుకున్నకొద్దీ ముదురుతుంది.

సాయంత్రం ఆటలు పడుకుని ఆడేవి పెట్టుకోండి: మీరు రోగి, వాళ్ళు డాక్టరు, మీ వీపు మీద బొమ్మ కార్లకు రోడ్డు. పిల్లలకు కావలసింది మీరు పక్కన ఉండటం.

ఇంకా పాలు తాగే బిడ్డ ఉంటే

మామూలు గర్భంలో పాలివ్వడం వల్ల ముప్పు లేదు. ఆకలి, దాహం ఎక్కువవుతాయి, నాలుగైదు నెలలకు పాలు తగ్గుతాయి. ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పైన వాళ్ళు, రక్తస్రావం ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడాకే కొనసాగించాలి. బిడ్డకు ఏడాది నిండకపోతే బరువు పెరుగుదల గమనించండి.

తిన్నా, నిద్రపోయినా తగ్గదు, దేనిమీదా మనసు లేదు

రెండు సంగతులు చూడాలి. ఒకటి థైరాయిడ్: చలి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, పొడిబారిన చర్మం, మందకొడితనం. ఇవన్నీ గర్భంలోనూ ఉండేవే కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష తప్ప తేల్చే దారి లేదు.

రెండోది కుంగుబాటు. రెండు వారాలకు మించి దిగులు, పిల్లల ముద్దుమాటలు కూడా తాకకపోవడం, అవకాశం ఉన్నా నిద్ర పట్టకపోవడం, "నేను మంచి తల్లిని కాను" అన్న ఆలోచన తిరుగుతూ ఉండటం. కాన్పు తర్వాతే కాదు, గర్భంలోనూ వస్తుంది. ఇది సోమరితనం కాదు, తల్లిప్రేమ తక్కువై వచ్చేది అసలే కాదు. మాటలతో చేసే చికిత్స ఉంది, గర్భంలో వాడగలిగిన మందులూ ఉన్నాయి. ముందునుంచీ మందు వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపేయకండి. చెప్పడం కష్టమనిపిస్తే ఆ మూడు రోజుల కాగితం వెనక ఒక్క వాక్యం రాసి డాక్టరు చేతికివ్వండి. చనిపోవాలనో, పిల్లలకు హాని చేయాలనో ఆలోచన వస్తే ఆ గంటలోనే పక్కనున్న మనిషికి చెప్పి, పిల్లల్ని వాళ్ళకు అప్పగించి, తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి.