మోదుగ మొక్క ఎండితే పీకెయ్యకండి

పన్నెండేళ్ల కింద ముచ్చటపడి నర్సరీలో ఓ జూనిపర్ కుండీ కొన్నా. చలి కొండల చెట్టు అది. నాగోల్‌లో మా డాబా మీద రెండో ఎండాకాలానికే చీపురుపుల్లలా అయింది. బతికినన్నాళ్లూ దాని మీద ఓ పిట్ట వాలగా చూడలేదు. ఆ ఏడే రోహిణి ఎండల్లో వికారాబాద్ నుంచి వస్తూ, రోడ్డు పక్కన మోదుగ చెట్టు కింద రాలిన కాయలు ఏరుకొచ్చా.

మోదుగ కాయ బల్లపరుపుగా, ఎండాక కాగితంలా తేలిగ్గా ఉంటుంది. అంత పొడుగు కాయలో గింజ ఒక్కటే, అదీ చివరి కొసన. తొడిమ వైపు తడిమి తాలు కాయ అనుకునేరు! గింజ పల్చగా, గోధుమ రంగులో, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. చిల్లులున్నవి పురుగు తిన్నవి, పారేయండి. ఆ ఏడు గింజ ఆ ఏడే వేయాలి. డబ్బాలో దాచి ఏడాది దాటాక వేసినవి నాకు ఒక్కటీ మొలవలేదు.

ఒక రాత్రి నానబెట్టి, మృగశిర కార్తెలో నాలుగు వానలు పడ్డాక, చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే అంగుళం లోతున పడుకోబెట్టండి. కవర్లో పెంచి మార్చడం నాకు అచ్చిరాలేదు. తల్లివేరు నిలువునా దిగి కవరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది. మాది మొరం నేల, జానెడు తవ్వితే రాయి. మోదుగకు అది చాలు, ఎరువూ అక్కర్లేదు. నీడ మాత్రం పనికిరాదు. ముప్పై నలభై అడుగులు లేస్తుంది కాబట్టి గోడకూ కరెంటు తీగలకూ దూరం చూసుకోండి.

మొలిచి మూడేసి ఆకులు వేస్తుంది. అసలు పరీక్ష ఎండాకాలంలో. కాడతో సహా ఎండిపోతుంది. మా కింది పోర్షన్ తమ్ముడు గడ్డపార పట్టుకొచ్చి, "సచ్చిపోయింది గదక్కా, పీకేస్తా" అన్నాడు. కాడ మొదలు దగ్గర గోటితో గీకి చూశా, బెరడు కింద పచ్చగా ఉంది. "ఉండనియ్" అన్నా. వానలు పడగానే అక్కడి నుంచే ఇంకాస్త లావు కాడ లేచింది. మూడేళ్లు ఇదే తంతు. పైన ఏమీ లేనట్టుంటుంది, లోపల వేరు ఊరుతూ ఉంటుంది. అందాకా చుట్టూ నాలుగు రాళ్లు పేర్చండి, చీపురుకు దొరక్కుండా. ఎండాకాలంలో వారానికో బకెట్ నీళ్లు.

తొమ్మిదో ఏట కాముని పున్నానికి ముందు, ఒంటి మీద ఆకన్నది లేకుండా పూసింది. పువ్వు చిలక ముక్కులా వంకర తిరిగి ఉంటుంది. తేనెపిట్ట కొమ్మకు వేలాడి, తల దూర్చి తీసేసరికి నుదుటి మీద పసుపుపచ్చ పొడి! ఆ పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు మోసేది ముఖ్యంగా అదే. గోరింకలు వస్తాయి, ఉడతలు వస్తాయి. చిలకలకే మర్యాద తెలీదు, కొరికి కింద పోస్తాయి. తిట్టుకుంటూ వాటినే ఏరి ఆరబెట్టి, పిల్లల హోలీ రంగుకు మరగబెడతా.

ఆకులకు చిల్లులు పడ్డాయని మందు కొట్టకండి. గొంగళిపురుగులు లేకపోతే పిట్టలు పిల్లలకు ఏం పెడతాయి? రాలిన ఆకు కాల్చకుండా చెట్టు మొదట్లోనే పోగేస్తా. పచ్చి ఆకుల మీద మా అత్తమ్మ కన్నుంది, విస్తర్లు కుడుతుందట. కింది కొమ్మలవైతే కోసిస్తా.