సెకండ్ హ్యాండ్ కారు: మీటరు కాదు, రికార్డు చూశాను

కూకట్‌పల్లిలో ఒక హ్యాచ్‌బ్యాక్ బాగా నచ్చింది. మీటరు మీద 38 వేల కిలోమీటర్లు. ధర మాత్రం మరీ తక్కువ, అక్కడే టెన్షన్ మొదలైంది. సొంత కార్లకు మొదటి 15 ఏళ్లు ఫిట్‌నెస్ పరీక్ష అడగరు కాబట్టి ఆర్సీ చూస్తే బండి లోపలి సంగతి తెలియదు. ఓనర్‌ గారిని వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, ఛాసిస్ నంబరుతో పాత రికార్డు తీయించాను. రెండేళ్ల కిందటి జాబ్ కార్డులోనే (సర్వీసుకి ఇచ్చినప్పుడు రాసే కాగితం) 61 వేలని ఉంది! ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కూడా సున్నా. క్లెయిమ్ లేకపోతే అది 20 శాతంతో మొదలై ఏటా పెరుగుతూ 50 దాకా వెళ్తుంది. ఆ బండి వద్దనుకున్నాను.

తర్వాత ఉప్పల్‌లో చూసిన కారుకి రికార్డు, మీటరు సరిపోయాయి. అయినా సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాను. 2020 అక్టోబరు వరదల్లో మన ఊళ్లో ఎన్నో కార్లు మునిగాయి. సీట్లు ఎంత కడిగినా, బెల్టు లోపల చుట్టుకునే భాగంలో బురద మరక దొరికిపోతుంది. ఇది శుభ్రంగా ఉంది. పెండింగ్ చలాన్లు కట్టించి, లోన్ తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలో లోన్ తీయించే ఫారం 35 తీసుకుని, ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే మిగతా డబ్బు ఇచ్చాను.